ఎత్తేటప్పటి ముఖం

అత్తయ్యని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఒక పద్ధతుంది. ముందు ఆవిడ కాళ్ళు రెండూ మంచం అంచుకి జరపాలి. ఎదురుగా నిలబడి, మోకాళ్ళు వంచి, ఆవిడ చేతులు నా మెడ చుట్టూ వేయించుకోవాలి. ఆవిడ గడ్డం నా భుజం మీద, నా గడ్డం ఆవిడ భుజం మీద. నా చేతులు ఆవిడ వీపు వెనక కలుసుకున్నాక, ఊపిరి బిగబట్టి, నడుంతో కాకుండా తొడలతో లేవాలి. లేచాక ఒక్క క్షణం అక్కడే ఆగి, అప్పుడు కుర్చీ వైపు తిరగాలి. తిరిగేటప్పుడు ఎడమ మడమ చెప్పులోంచి బయటికి వచ్చేస్తుంది. రాకపోతే తిరగలేం. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. నడుం పట్టేసి మంచం ఎక్కలేక నేల మీద పడుకున్న రోజులు నేర్పాయి.

ఆ పొద్దున కూడా అలాగే ఎత్తాను. ఆవిడ మామూలుగానే నా చెవిలో సణిగింది. "నీ చేతులు బండరాళ్ళే తల్లీ. కాస్త మెత్తగా పట్టుకోకూడదూ!"

"బండరాళ్ళు మీ పిల్లల దగ్గరున్నాయి అత్తయ్యా. నా దగ్గరున్నవి చేతులే."

కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్ది తలెత్తితే గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మా ఆయనకి అక్క. కనుబొమల మీద కూడా రాతి పొడి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలీదు.

"మళ్ళీ ఎత్తు," అంది.

"ఏంటి?"

"అమ్మని. మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టి, ఇందాకట్లాగే ఎత్తు."

"నేనేమన్నా బస్తానా, అటూ ఇటూ మార్చుకోడానికి?" అంది అత్తయ్య.

"బస్తాకి నోరుండదులే," అంది వదిన, జేబులోంచి పెన్సిల్ ముక్క తీస్తూ.

మాది ముందు ఇల్లు, వెనక షెడ్డు. షెడ్డులో చేసేది పోయినవాళ్ళ కోసం రాళ్ళు చెక్కే పని. మావగారి కాలం నుంచీ అదే. సమాధుల మీద పేర్లు, తేదీలు, ఓ పువ్వో తీగో. అవన్నీ ఇప్పుడు మిషన్ మీద మా ఆయన చూసుకుంటాడు. మిషన్ చెయ్యలేని పని వస్తే అది వదినది. వీధిలో పిల్లలు ఆమెని రాళ్ళత్త అంటారు. ఆమెకి ఆ పేరు ఇష్టం. పెళ్ళి చేసుకోలేదు. "నా మొగుడు రాయి, అత్తగారి పోరు లేదు," అని నవ్వేస్తుంది ఎవరైనా అడిగితే.

పోయిన వేసవిలో ఊళ్ళో పాత ఆస్పత్రి పై అంతస్తు కాలిపోయింది. కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. నడవలేని రోగుల్ని నర్సులూ ఆయాలూ మెట్ల మీదుగా మోసుకొచ్చారు. కిందికి దింపి మళ్ళీ పైకి వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. వాళ్ళ కోసం కొత్త భవనం ముందు ఒక రాతి పలక నిలబెడదామని ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు కమిటీ ఒకటి వేసి మా షెడ్డుకి వచ్చారు. ఎవరిచేతో ఒక బొమ్మ కూడా గీయించుకొచ్చారు. తెల్లటి యూనిఫాంలో ఒక ఆడమనిషి నిటారుగా నిలబడి, చేతుల్లో పాపతో ఆకాశంలోకి చూస్తోంది. పెదాల మీద చిరునవ్వు. వదిన దాన్ని గౌరవంగానే తీసుకుంది. ఆయన వెళ్ళాక దాని మీద టీ గ్లాసు పెట్టింది.

డాక్టరుగారితో పాటు ఒక ముసలాయన వచ్చేవాడు. టైలరు. ఆ రాత్రి పై అంతస్తులో కాలికి కట్టుతో ఉన్నాడు. ఆయన్ని మోసుకొచ్చి దింపిన ఆయమ్మే మళ్ళీ పైకి వెళ్ళి రాలేదు. ఆయన కమిటీలో ఎందుకున్నాడో ఆయనకే సరిగ్గా తెలీదు. "నేను మాట్లాడగలను కదా, అందుకు పెట్టుకున్నారమ్మా," అన్నాడు నాతో ఒకసారి. తర్వాత ఒక్కడే కూడా రావడం మొదలుపెట్టాడు. షెడ్డులో ఓ మూల చెక్కపెట్టె మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, వదిన పని చూసి వెళ్ళేవాడు. ఆయన్ని వదిన ఒకటే అడిగింది. "ఆవిడ మిమ్మల్ని ఎలా ఎత్తింది?"

"మెట్ల మీద భుజాన వేసుకుందమ్మా. కానీ ముందు మంచం మీంచి లేపాలిగా. రెండు చేతులూ మెడ చుట్టూ వేసుకోమంది. గట్టిగా పట్టుకో పెద్దాయనా, సిగ్గుపడే టైము కాదిది, అంది."

ఆ మాట విన్న మర్నాడే వదిన మా గుమ్మంలో నిలబడింది.

నన్ను చూసి గీస్తోందని తెలిసినప్పుడు నాకు గర్వం కలగలేదు. ఒళ్ళు మండింది. నిద్ర బట్టల్లో, చెదిరిన జుట్టుతో, పళ్ళు బిగించి వంగిన నేను ఒకళ్ళ కాగితం మీదికి ఎక్కడమేమిటి? అంతకంటే లోపల ఇంకో మంట ఉంది. వదిన పని అంటే నాకు ప్రాణం. ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో ఆమె రాయి ముందు కూర్చున్న తీరు చూసి కూర మాడబెట్టుకున్నదాన్ని. కానీ అత్తయ్య ఆమెకి తల్లి. మా ఆయనకి తల్లి. ఆవిడ కాళ్ళు పడిపోయిన రోజున హాల్లో ముగ్గురం కూర్చున్నప్పుడు వదిన, "నాకు నడుం పడితే పని పోతుంది," అంది. మా ఆయన, "నాకు షెడ్డు వదిలి వచ్చే వీలెక్కడ?" అన్నాడు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా జరిగిపోయే పనులకి జవాబు చెప్పే అవకాశం కూడా ఉండదు. ఆ రోజు నుంచి ఆమె కళకి నా నడుం అద్దె కడుతోంది. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా," అనేది మా ఆయన మాట. షెడ్డుకి వచ్చినవాళ్ళకి ఇంటి నంబరిస్తూ, "ఎప్పుడైనా చెయ్యండి, మా ఆవిడ ఖాళీయే," అనేది ఆయన ఇంకో మాట. ఆ మాటన్నప్పుడు నా ఒక చేతిలో అత్తయ్య మందు సీసా, ఇంకో చేతిలో ఆయన టిఫిన్ డబ్బా మూత ఉండేవి. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి నిజంగానే ఖాళీగా కనిపించేదాన్ని.

అందుకే వదిన పెన్సిల్ దాచుకుంటూ, "రేపు కూడా వస్తా," అన్నప్పుడు, "బొమ్మ గియ్యడానికి వస్తావు, ఎత్తడానికి రావు," అనేశాను. నోరు జారింది. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

వదిన షెడ్డులోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున నా కంటే ముందే అత్తయ్య మంచం దగ్గరుంది. చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, చెప్పులు వేసుకుని. "ఇవాళ నేనెత్తుతా. నువ్వు చెప్పు," అంది.

చెప్పాను. వినలేదు. చేతుల బలం మీద నమ్మకం ఎక్కువ కదా. సుత్తి పట్టిన చేతులతో తల్లిని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ కలిసి మంచం మీద పడ్డారు. "కోడల్ని పిలవండర్రా! దీన్తో నా ప్రాణం పోయేట్టుంది," అని అత్తయ్య కేక. నేను పక్కనే ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయింది. ఆవిడ నోటి వెంట నా కోసం అలాంటి పిలుపు రావడం అదే మొదలు. నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాను. చివరికి ముగ్గురం నవ్వాం.

కానీ వదిన మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. కొన్నాళ్ళు రోజూ తనే ఎత్తింది. ఒక రోజు ఎత్తి, కుర్చీలో కూర్చోబెట్టి, నిలబడినచోటే ఎడమ మోకాలు పట్టుకుని నొక్కుకుంది. "బరువంతా ఇక్కడికొస్తోందే. నేను వీపులో ఉంటుందనుకున్నా," అంది. వెంటనే షెడ్డులోకి పరిగెత్తింది. కిటికీలోంచి చూస్తే అప్పటిదాకా చేసిన మట్టి నమూనా కాళ్ళు రెండూ విరగ్గొట్టేసి మళ్ళీ మొదలుపెడుతోంది. నాకు క్షమాపణ చెప్పలేదు. చెప్పి ఊరుకుని ఉంటే పైకి సరేనన్నా లోపల కోపం ఉండిపోయేదేమో. ఆ విరిగిన మట్టి కాళ్ళు చూశాక ఆమె మీద కోపం నిలవలేదు.

రాతి పని మొదలయ్యాక నాకు షెడ్డులోకి వెళ్ళడానికి ఏదో ఒక సాకు కావలసొచ్చేది. టీ, ఫోను, నీళ్ళ బకెట్టు. మనిషెత్తు నల్లరాయి. వదిన ముందు దాన్ని చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి వింది. లోపల పగులుంటే మోగదట, మూలుగుతుందట. బొమ్మ చుట్టూ ఉన్న రాయిని తీసేస్తూ పోతే మధ్యలో మనుషులు పైకి తేలతారు. ఆమె ఎప్పుడూ మనుషుల్ని చెక్కుతున్నానని అనదు. "చుట్టూ ఉన్న అడ్డం తీస్తున్నా," అంటుంది. కొంచెం చెక్కి నీళ్ళు చల్లేది. తడిస్తే రాయి నల్లగా మెరిసి, గీతలన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి. ఆరిపోతే మళ్ళీ బూడిద రంగులోకి వెళ్ళిపోతాయి. ఆ మధ్యలో ఉండే కాస్త సమయంలోనే తప్పులు వెతుక్కోవాలి. కళ్ళు మూసుకుని వేళ్ళ వెనక భాగంతో నిమిరేది. వేళ్ళ కొనలు మొద్దుబారాయి, అవి అబద్ధం చెప్తాయి, అనేది. టైలరు తాత మూలనుంచి సలహాలిచ్చేవాడు. "చెయ్యి పైకెత్తితే భుజం కుట్టు అక్కడ ఉండదమ్మా, మెడ వైపు జరుగుతుంది." వదిన లేచొచ్చి నా భుజం మీద కుట్టు చూసి, "నిజమే సుమా," అని వెళ్ళి ఒక గీత మార్చేది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ బకెట్టుతో వెళ్ళేసరికి ఆమె అప్పుడే రాయి తడిపి పక్కకి జరిగింది. చూశాను. ఒక ఆడమనిషి మంచం మీంచి ఒక రోగిని లేపుతోంది. రోగి ముఖం కనబడదు, ఆమె మెడని వాటేసుకున్న చేతులు కనబడతాయి. ఆమె ముఖం మాత్రం మన వైపు తిరిగుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదాలు బిగించింది, మెడ నరం లేచింది. అది నా ముక్కు కాదు, నా నుదురు కాదు. కానీ ఆ బిగపట్టిన ఊపిరి నాది. కింద చెప్పులోంచి బయటికొచ్చిన ఎడమ మడమ నాది. మడమ మీద పగుళ్ళు కూడా వదల్లేదు. నేనెప్పుడూ నన్ను ఆ క్షణంలో చూసుకోలేదు. అద్దం ముందు నిలబడి ఎవరూ బరువులెత్తరు కదా. ఇన్నేళ్ళుగా అది నాకు అవమానంగా, ఎవరూ చూడకుండా పొద్దున్నే అయిపోతే బాగుండుననిపించే పనిలా ఉండేది. ఆ రాతిలో అది అలా లేదు. ఆ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది. ఆ నర్సులూ ఆయాలూ మంటల్లోకి మళ్ళీ ఎలా వెళ్ళారో నాకప్పుడు కొంచెం అర్థమైంది. ధైర్యంతోనే వెళ్ళి ఉంటారు, కాదనను. కానీ దాని కంటే ముందు, ఇంకొకరు మంచం మీదే ఉన్నారన్న సంగతి వాళ్ళ తొడలకీ మోకాళ్ళకీ తెలుసు. ఆ తెలియడమే వాళ్ళని తీసుకెళ్ళి ఉంటుంది.

రాయి ఆరిపోయింది. వదిన నా వైపు చూడకుండా, "బకెట్టు అక్కడ పెట్టు," అంది.

డాక్టరుగారు చూడ్డానికొచ్చిన రోజు మా ఆయన కూడా మొదటిసారి బొమ్మని సాంతం చూశాడు. అప్పటిదాకా మిషన్ పని ఒత్తిడిలో ఉన్నాడు. నేను టీ ట్రేతో నిలబడ్డాను.

డాక్టరుగారు చాలాసేపు చూశారు. మంచి మనిషి. పోయినవాళ్ళ ఇళ్ళన్నిటికీ తనే స్వయంగా వెళ్ళొచ్చారు. "పని గొప్పగా ఉందమ్మా. కానీ మనం వాళ్ళని గౌరవిస్తున్నాం కదా. ఈ వంగిపోవడం, ఈ పెదాలు బిగించడం చూస్తే బాధపడుతున్నట్టుంది. ముఖం కాస్త పైకెత్తి, ప్రశాంతంగా..."

"ఇంత బరువెత్తి నవ్వమంటారా?" అంది వదిన.

మా ఆయన అందుకున్నాడు. "అక్కా, ఆయన చెప్పేది నిజమే. అసలెవర్ని చూసి చేశావిది? ఇలా ఎవరైనా ఎత్తుతారా?"

వదిన నోరు తెరవబోయి నా వైపు చూసింది. వద్దని తలూపాను.

"ముఖం పైకెత్తడం కుదరదు," అంది ఆమె డాక్టరుగారితో. "తీసిన రాయిని మళ్ళీ పెట్టలేం. ఆ తల పైన ఇంకో తలకి చోటు లేదు."

"అయితే కొత్త పలక తెప్పిస్తా. ఇది వృథా ఏం పోదు, చిన్న సమాధులకి ముక్కలు కోసుకోవచ్చు," అన్నాడు మా ఆయన.

టైలరు తాత చెక్కపెట్టె మీంచి మెల్లిగా లేచాడు. "నన్నొక మాట చెప్పనిస్తారా? అందరూ నన్ను అడుగుతూ ఉంటారు, ఆమె ముఖం ఎలా ఉందని. నేను చూళ్ళేదండీ. నా గడ్డం ఆమె భుజం మీద ఉంది. ముఖం ఎలా కనబడుతుంది? ఆమె ఊపిరి విన్నాను, అంతే. ఇన్నాళ్ళకి ఇదిగో, ఇక్కడ చూశాను. దీన్ని ముక్కలు చెయ్యకండి."

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కమిటీలో మిగిలినవాళ్ళు చిరునవ్వే కావాలంటారు. మీరు ఇదే సరైనదంటే వాళ్ళతో పోట్లాడే బాధ్యత నాది. మార్చడమే మంచిదంటే మార్చండి. రేపు పొద్దున ఫోన్ చేస్తాను. ఈ షెడ్డు మాటే ఖాయం."

షెడ్డు మాటంటే మా ఆయన మాట. రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "మారుస్తామని చెప్పేస్తా. అక్కది మొండితనం. నువ్వైనా చెప్పు," అన్నాడు.

"ఏమని?"

"ఆడవాళ్ళని అలా కష్టపడుతున్నట్టు చూపిస్తే ఎవరికి నచ్చుతుంది?"

ఆ బొమ్మ నేనేనని చెప్పొచ్చు. చెప్తే ఆశ్చర్యపోతాడు, బాధ కూడా పడతాడేమో, ఆయనకి మనసు లేదనను. "అయ్యో, నాకు చెప్పొచ్చుగా," అంటాడు. మళ్ళీ తప్పు నాదే అవుతుంది, చెప్పనందుకు. అత్తయ్య మంచానికీ ఆయన పడుకునే మంచానికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. రోజూ ఆ సమయానికి ఆయన గడ్డం గీసుకుని ఆ గుమ్మం ముందు నుంచే స్నానానికి వెళ్తాడు. ఇన్నేళ్ళూ కళ్ళ ముందున్నది కనబడని మనిషికి చెవిలో చెప్తే కనబడుతుందా? వదినకి నేను చెప్పలేదు. చూసింది. చూసింది చాలక ఎత్తింది. ఎత్తాకే కాళ్ళు విరగ్గొట్టి మళ్ళీ చేసింది. ఆమె అంతటి చెయ్యి తిరిగిన మనిషికే ఎత్తితే గానీ తెలియలేదంటే, ఈయనకి మాటలతో ఎలా తెలుస్తుంది?

పొద్దున్న అత్తయ్య పిలిచింది. వెళ్ళాను గానీ ఎత్తలేదు. అత్తయ్య గదిలోనే, ఆవిడ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ," అన్నాను, తువ్వాలుతో అటు వెళ్తున్న ఆయన్ని. "ఇవాళ అత్తయ్యని మీరు లేపండి."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

ఆయన నా వైపూ వాళ్ళమ్మ వైపూ చూశాడు. ఇదేమంత పని అన్నట్టు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, మంచం పక్కన నిటారుగా నిలబడి, ఆవిడ చంకల కింద చేతులు పెట్టి లాగాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ లాగాడు.

"నీ అందం చూసుకోడానికి కాదురా నన్ను ఎత్తేది," అంది అత్తయ్య. "వంగు. ఇంకా వంగు. మోకాళ్ళు వంచరా! నా చేతులు మెడ చుట్టూ వేసుకో. తల దించు, గడ్డం నా భుజం మీద పెట్టు. కోడలు రోజూ ఇలాగే కదా చేసేది, కళ్ళు లేవూ నీకు?"

వంగాడు. తల దించాడు. లేచాడు. కళ్ళు మూసుకుపోయాయి, పెదాలు బిగిశాయి, మెడ నరం తాడులా పైకి తేలింది. కుర్చీ వైపు తిరగబోతే ఎడమ మడమ చెప్పులోంచి బయటికొచ్చింది. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆమె ఆ మడమ వైపే చూస్తోంది.

అప్పుడే ఫోను మోగింది.

"ఎవరో... చూడు," అన్నాడు, వాళ్ళమ్మ భుజం మీంచి, ఊపిరందక. కళ్ళు తెరిచాడు. ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను, నా వెనక గుమ్మంలో వాళ్ళక్క. ఆ కళ్ళలో ఏదో కదిలింది. రాయి తడిసినప్పుడు గీతలు లేచినట్టు.

ఫోను ఎత్తాను. డాక్టరుగారు.

"ఏం నిర్ణయించుకున్నారమ్మా?"

మా ఆయన వైపు చూశాను. ఆయన వద్దనలేదు. అవుననీ అనలేదు. అనడానికి ఊపిరి లేదు.

"ముఖం అలాగే ఉంటుందండీ," అన్నాను. "వాళ్ళతో పోట్లాడండి."

"మంచిదమ్మా. ఒక్కసారి ఆయనకిస్తారా?"

"ఆయన ఖాళీగా లేరండీ," అన్నాను. "వాళ్ళమ్మని ఎత్తుతున్నారు."